ఎద్దుబండి నుంచి విమానం దాకా

బెంగళూరు కంటోన్మెంట్‌లోని తెల్ల సిపాయిలకు ఒకప్పుడు బీరు పెద్ద పెద్ద చెక్క పీపాల్లో, ఎద్దుబండ్ల మీద చేరేది. 1915లో థామస్ లీష్‌మన్ అనే స్కాట్లండ్ దొర దక్షిణాదిలోని ఐదు బ్రూవరీలను కలిపి యునైటెడ్ బ్రూవరీస్ (యూబీ) స్థాపించాడు. 1947లో, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, విఠల్ మాల్యా ఆ కంపెనీకి తొలి భారతీయ డైరెక్టరయ్యాడు. అప్పటికాయన వయసు ఇరవై మూడు దాటలేదు. మరుసటి ఏడాదికల్లా ఛైర్మన్. ఆర్భాటం గిట్టని మనిషి. దొరల సొత్తయిన ఆ వ్యాపారాన్ని పైసా పైసా లెక్క చూసుకుంటూ పెంచాడు. 1951లో మెక్‌డోవెల్ అనే మద్యం కంపెనీనీ కొన్నాడు.

1983లో ఆయన కన్నుమూశాక పగ్గాలు కొడుకు విజయ్ చేతికొచ్చాయి. పాత బ్రూవరీ ఉన్న నేల మీద యూబీ సిటీ భవనాలు లేచాయి. వాటి ముందున్న వీధికి విఠల్ మాల్యా పేరే ఉంది.

2005 మే నెలలో కంపెనీ బీరు కింగ్‌ఫిషర్ పేరుతోనే విమానాలు ఎగిరాయి. కింగ్‌ఫిషర్ ఎక్కినవాళ్లకు సీటు సీటుకూ టీవీ, మంచి భోజనం, మర్యాద. అదంతా నిజమే. కానీ ఆ సంస్థ ఒక్క ఏడాది కూడా లాభం చూడలేదు. అయినా 2007లో మరో విమాన సంస్థ ఎయిర్ డెక్కన్‌లో వాటా కొని బరువు మరింత నెత్తికెత్తుకుంది. ఇంధనం ధర మండిపోయింది, అప్పు మీద అప్పు చేరింది. తండ్రి కూడబెట్టిన పరపతి అంతా ఆ రెక్కలకు తాకట్టయింది.

2012లో నెలల తరబడి జీతాలు ఆగిపోయాయి. అయినా ఇంజనీర్లు, పైలట్లు, సిబ్బంది చాలాకాలం డ్యూటీకి వస్తూనే ఉన్నారు. అద్దెలు కట్టాలి, పిల్లల ఫీజులు కట్టాలి. ఓపిక నశించి సమ్మెకు దిగారు. అక్టోబర్‌లో ఢిల్లీలో ఒక ఉద్యోగి భార్య ఆత్మహత్య చేసుకుంది. ఆ నెలలోనే విమానాలు నేలకు దిగి, మళ్లీ లేవలేదు.

2016 మార్చిలో విజయ్ మాల్యా లండన్ వెళ్లిపోయాడు. ముంబయిలోని విమాన సంస్థ కార్యాలయం కింగ్‌ఫిషర్ హౌస్‌కు మొదట 150 కోట్లు అడిగిన అప్పిచ్చిన బ్యాంకులు, వేలం మీద వేలం విఫలమయ్యాక, 2021లో ఒక హైదరాబాద్ కంపెనీకి సుమారు 52 కోట్లకు ఇచ్చేశాయి. అదే ఏడాది యునైటెడ్ బ్రూవరీస్ విదేశీ బీరు కంపెనీ హైనెకెన్ చేతిలోకి వెళ్లింది. లీష్‌మన్ తర్వాత విఠల్ నిలబెట్టిన ఇల్లు మళ్లీ పరదేశీయులదైంది.

బీరు సీసా మీద ఆ పిట్ట ఇంకా ఉంది. బ్యాంకులు మాల్యా ఆస్తులు అమ్ముకుని అప్పును చాలా మటుకు రాబట్టుకున్నాయి. జీతాల కోసం ఉద్యోగులు మాత్రం ఏళ్ల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది. ఈ పతనంలో క్షమించలేనిది అదే.