మొసలి విందు వెనుక ఒక వలస జనం కథ



మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉద్యోగాలు చేస్తున్నారు. అక్కడి దక్షిణ రాష్ట్రాల నుంచి వచ్చే ఫొటోలలో ఒకటి చూస్తే మన పెద్దవాళ్లు ముక్కు మీద వేలు వేసుకుంటారు. తల, తోక, నాలుగు కాళ్లతో ఒక మొసలి ఇనుప పొయ్యి మీద పడుకొని ఉంటుంది. దాని నోట్లో ఒక కోడి. చుట్టూ పెళ్లివారి మాదిరి జనం. "ఇదేం తిండిరా నాయనా" అనడం సులువు. వీళ్లెవరు, ఎక్కడినుంచి వచ్చినారు, ఎందుకు తింటున్నారు అని అడిగితే మాత్రం అందులో మనలాంటివాళ్ల చరిత్ర కనబడుతుంది. అందుకే ఈ వారం దీని గురించి రాస్తున్నాము.

ముందు సందర్భం చెప్పాలి. అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే తిరునాళ్లే. మొదటి కాలేజీ ఆట 1869 నవంబరు 6న న్యూజెర్సీ రాష్ట్రంలో రట్గర్స్, ప్రిన్స్‌టన్ జట్ల మధ్య జరిగింది. ఈ కాలంలో ఆట మొదలయ్యేదానికి ఎన్నో గంటల ముందే జనం మైదానం బయట బండ్లు నిలిపి, వెనక తలుపు దించి, దాన్నే బల్ల చేసుకొని వండి పెట్టుకుంటారు. ఆ తలుపును టెయిల్‌గేట్ అంటారు, విందుకు కూడా అదే పేరు. లూయిసియానా రాష్ట్ర విశ్వవిద్యాలయం జట్టుకు పులి గుర్తు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయం జట్టుకు మొసలి గుర్తు, వాళ్లను గేటర్స్ అంటారు. మన అంగళ్లలో కూడా దొరికే గేటరేడ్ పానీయం 1965లో ఆ జట్టు ఆటగాళ్ల కోసం తయారైందే. ఫ్లోరిడావాళ్లు ఆటకు బ్యాటన్ రూజ్ వస్తే, అక్కడి పులి అభిమానులు మొసలిని నిప్పుల మీద పెడతారు. ఎదుటి జట్టును కొరికి తిన్నామని పరాచికం.

అయితే మొసలిని కాల్చడం ఫుట్‌బాల్ కంటే చాలా పాతది. 1564లో ఫ్రెంచివాళ్లతో కలిసి ఫ్లోరిడా చేరిన జాక్ ల మోయిన్ అనే చిత్రకారుడి పేరుతో, థియొడోర్ ద బ్రై 1591లో కొన్ని బొమ్మలు అచ్చు వేసినాడు. ఒక బొమ్మలో అక్కడి ఆదివాసులు నాలుగు కవకొయ్యలు పాతి, పైన కర్రలు పరిచి, కింద మంట పెట్టినారు. కర్రల మీద చేపలు, జింక, పాము, వాటి పక్కన ఒక పూర్తి మొసలి. బార్బెక్యూ అనే మాట కూడా కరీబియన్ దీవుల టైనో ఆదివాసులదే, స్పానిష్ భాష మీదుగా ఇంగ్లీషులోకి వచ్చింది. ఎలిగేటర్ అనేది స్పానిష్‌వాళ్లు 'బల్లి' అని పిలిచిన మాట నుంచి పుట్టింది.

లూయిసియానా చిత్తడి నేలల్లో ఈ తిండిని తమదిగా చేసుకున్నవాళ్లలో కేజన్లు ముఖ్యులు. వీళ్ల పూర్వీకులు 1600లలో ఫ్రాన్సు వదిలి, ఇప్పటి కెనడాలోని అకాడియా ప్రాంతంలో స్థిరపడిన రైతులు. 1713 ఒప్పందంతో ఆ నేల ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. షరతులు లేకుండా విధేయత ప్రమాణం చేయమంటే వీళ్లు చేయలేదు. 1755 నుంచి ఇళ్లు తగలబెట్టి, జనాన్ని ఓడలకెక్కించి వెళ్లగొట్టినారు. తల్లి ఒక ఓడలో, బిడ్డ ఒక ఓడలో పోయిన కుటుంబాలున్నాయి. 1760లలో కొందరు లూయిసియానా చేరినారు. 1785లో ఫ్రాన్సు నుంచి ఏడు ఓడల్లో సుమారు 1,600 మంది వచ్చినారు. అకాడియన్ అనే పేరే నోళ్లలో నలిగి కేజన్ అయింది.

కొత్త చోట గోధుమ పండలేదు, వరి పండింది. ఆదివాసుల దగ్గర చిత్తడి నేలల తిండి నేర్చుకున్నారు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల దగ్గర బెండకాయ నేర్చుకున్నారు. వాళ్ల పేరుపొందిన గంబో పులుసుకు ఆ పేరు ఆఫ్రికాలో బెండకాయకు ఉన్న పేరు నుంచే వచ్చింది. చలికాలంలో ఊరంతా కలిసి పందిని కోసి పంచుకొనేవాళ్లు. పందిపిల్లను పూర్తిగా కాల్చి విందు చేసేవాళ్లు. ఈనాటి మొసలి విందు ఆ పొయ్యి మీదే కూర్చున్నట్టుంది.

ఈ విందు నిలిచి ఉండడానికి ఇంకో కారణం ఉంది. చెప్పులు, సంచుల కోసం తోలు వేట మితిమీరి మొసళ్లు కరిగిపోయినాయి. లూయిసియానా 1962లో వేట ఆపేసింది. 1967లో దేశమంతటా అంతరించిపోయే జంతువుల పట్టికలో చేర్చినారు. సంఖ్య పెరిగినాక 1972లో కామెరాన్ జిల్లాలో మాత్రం లెక్కగా వేటను మళ్లీ అనుమతించినారు. 1987లో ఆ జాతి పూర్తిగా కోలుకున్నదని ప్రకటించినారు. లక్ష లోపు ఉన్నవి ఇప్పుడు ఆ ఒక్క రాష్ట్రంలోనే సుమారు 20 లక్షలు. పద్ధతి ఏమంటే, చిత్తడి నేల విస్తీర్ణాన్ని బట్టి బిళ్లలు ఇస్తారు. చంపిన ప్రతి మొసలికి నంబరు బిళ్ల కట్టాలి, అది తోలుతోనే ప్రయాణం చేయాలి. రైల్వేలో పార్సెల్‌కు మార్కా, రసీదు లేకుండా బండి ఎక్కించనట్టే అనుకోండి. నేల యజమానికి ఆదాయం ఉంది కాబట్టి చిత్తడిని పూడ్చడు.

మన దేశంలో సంగతి వేరు. 1972 చట్టం ప్రకారం మొసలిని చంపడం నేరం. 1975లో మొసళ్ల సంరక్షణ పథకం మొదలైంది. మరుసటి ఏడు మహాబలిపురం దారిలో మద్రాసు మొసళ్ల కేంద్రం వెలిసింది. కాబట్టి మన కార్తీక వనభోజనాలలో ఎవరూ ఈ వంటకం ప్రయత్నించవద్దని మనవి!

వాళ్ల వంట తీరు ఇదీ. నాలుగైదు అడుగుల మొసలిని తోలు తీసి, కడిగి, ఉప్పునీళ్లలో నానబెడతారు. మిరపపొడి, వెల్లుల్లి, వెన్న కలిపిన రసాన్ని లావు సూదితో కండలోకి ఎక్కిస్తారు. ఆ మాంసంలో కొవ్వు తక్కువ, ఎండిపోతుంది. అందుకని పైన పంది కొవ్వు పేటికలు చుడతారు, కడుపులో సాసేజీలు కూరుతారు. సన్నని సెగ మీద, పొగలో, గంటల తరబడి ఉంచుతారు. లోపలి వేడి 74 డిగ్రీల సెల్సియస్ చేరితే తినవచ్చు. రుచి కోడికీ చేపకీ నడుమ అంటారు. కేజన్లు ఎక్కువమంది కాథలిక్కులు. ఉపవాస దినాలలో మొసలి తినవచ్చా అనే ప్రశ్నకు 2010లో న్యూ ఆర్లీన్స్ ఆర్చ్‌బిషప్, అది చేపల జాబితాలోదేనని జవాబు రాసినారు.

ఇంతవరకూ తిండి. ఇప్పుడు భాష సంగతి.

1921లో లూయిసియానా రాజ్యాంగం బడి చదువు ఇంగ్లీషులోనే అని రాసుకుంది. బడిలో ఫ్రెంచి మాట్లాడిన పిల్లల చేత, ఇక మాట్లాడను అని వందలసార్లు రాయించినారు. ఆ పిల్లలు పెద్దవాళ్లై, తమ బిడ్డలకు ఆ అవమానం వద్దని ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడినారు. రెండు తరాలలో పని అయిపోయింది. ఓడలకెక్కించి వెళ్లగొట్టినా పోని భాష, ఇంటి వాకిట్లో పోయింది. 1968లో రాష్ట్రమే ఫ్రెంచి అభివృద్ధికి ఒక మండలి పెట్టింది, జేమ్స్ డొమాంజో దానికి మొదటి అధ్యక్షుడు. అయితే చెప్పేదానికి పంతుళ్లు ఊళ్లో లేరు. మాట్లాడేవాళ్లకు చదవను, రాయను రాదు. ఫ్రాన్సు, బెల్జియం, క్యుబెక్ నుంచి పిలిపించినారు. వాళ్లు నేర్పిన భాషకూ అవ్వ భాషకూ తేడా. కారును అవ్వ 'షార్' అంటుంది, పంతులు 'వ్వాత్యూర్' అంటాడు.

మనకు ఇది చెప్పి తెలియాల్సిన సంగతి కాదు. తమిళంలో చదువుకొని, ఆఫీసులో ఇంగ్లీషులో రాసి, ఇంట్లో తెలుగు మాట్లాడిన తరం మాది. తెలుగు అక్షరాలు మాలో చాలామందికి నడివయసులో వచ్చినవే. మనం "ఉండాది" అంటే టీవీ తెలుగు విన్నవాళ్లు నవ్వుతారు. ఆ నవ్వుకు భయపడే పిల్లలు తెలుగు మానేసి తమిళంలోకి, ఇంగ్లీషులోకి జారుకుంటున్నారు. వనభోజనాలకు మాత్రం అందరూ వస్తున్నారు. పులిహోర చాలదనే మాట ప్రతి ఏడూ ఉండేదే.

తిండి దానంతట అదే నిలుస్తుంది, ఆకలి దాన్ని కాపాడుతుంది. భాషకు ఆ సౌకర్యం లేదు, ఎవరో ఒకరు పట్టుకోవాలి. కాబట్టి ఈ కార్తీకంలో ఒక పని చేద్దాము. వంట దగ్గర కూర్చునే అవ్వల, అత్తల పక్కన ఒక్కొక్క పిల్లవాడిని నోటుబుక్కుతో కూర్చోబెడదాము. గరిటెకు, చట్టికి, పోపుకు, పులుసుకు వాళ్లు ఏ మాట వాడితే ఆ మాటే, దిద్దకుండా, తెలుగు అక్షరాలలో రాయించుదాము. అక్షరాలు రాని పిల్లలకు పక్కన కూర్చొని నేర్పేదానికి మావంటి రిటైరైనవాళ్లు చాలామందిమి ఉన్నాము, పొద్దు పోక.