రోటెన్‌బుర్గ్ ఓబ్ డెర్ టౌబర్

రోటెన్‌బుర్గ్ ఓబ్ డెర్ టౌబర్ జర్మనీ దేశంలోని బవేరియా రాష్ట్రానికి చెందిన ఒక చిన్న పట్టణము. టౌబర్ నదీలోయను ఆనుకొని ఎత్తైన గట్టుపై కలదు. ఈ పేరుకు "టౌబరు పైనున్న ఎర్రకోట" అని అర్థము. మధ్యయుగపు కోటగోడ, బురుజులు, రాతి పరచిన ఇరుకు వీధులు, నిట్రమైన కప్పుల ఇండ్లు ఉండుటచే ఇది ప్రసిద్ధి పొందినది.

చరిత్ర

1142లో హోహెన్‌స్టౌఫెన్ వంశీయుడైన మూడవ కాన్రాడ్ రాజు ఇచ్చట కోట నిర్మాణమునకు పూనుకొన్నాడు. 1274లో హాబ్స్‌బర్గ్ వంశపు రాజు రుడాల్ఫ్ దీనిని స్వతంత్ర సామ్రాజ్య నగరముగా గుర్తించాడు. అనగా పట్టణము ఏ సామంతునికీ లోబడక నేరుగా చక్రవర్తికే జవాబుదారీ అయినది. 1356లో వచ్చిన భూకంపము కోటను కూల్చినది గాని, పట్టణము మాత్రము ఎదిగినది. మేయరు హైన్‌రిష్ టోప్లర్ కాలము దాని ఉచ్చదశ. ఆయన 1408లో చెరసాలలో మరణించాడు. సెయింట్ జేకబ్ చర్చిలో శిల్పి టిల్‌మన్ రీమెన్‌ష్నైడర్ చెక్కతో మలచిన పవిత్ర రక్త పీఠము చూడదగినది.

13వ శతాబ్దిలో ఇది యూదు విద్యాకేంద్రము కూడా. ప్రఖ్యాత పండితుడు రబ్బీ మెయిర్ ఇచ్చటనే బోధించాడు. 1298లో యూదులపై ఊచకోత జరిగినది. 1520లో వారిని పూర్తిగా వెళ్ళగొట్టారు. 19వ శతాబ్దిలో తిరిగి స్థిరపడినవారిని నాజీలు 1938 అక్టోబరులో మరల తరిమివేశారు.

పేదరికము చేసిన మేలు

ముప్పది సంవత్సరాల యుద్ధములో, 1631లో, సేనాని టిల్లీ పట్టణమును పట్టుకొన్నాడు. మూడుంపావు లీటర్ల ద్రాక్షసారాయిని మాజీ మేయరు నుష్ ఒక్క గుక్కలో త్రాగి ఊరిని కాపాడెనని ప్రతీతి. ఇది చరిత్ర కాదు, కథ మాత్రమే. 1881 నుండి నాటకముగా ప్రదర్శించబడుచున్నది. నిజమునకు 1634 నాటి ప్లేగు, యుద్ధనష్టములు పట్టణమును దరిద్రములో ముంచినవి. క్రొత్త ఇండ్లు కట్టుటకు ధనము లేనందుననే పాత ఇండ్లు మిగిలినవి. 1802-03లో పట్టణము స్వాతంత్ర్యము కోల్పోయి బవేరియాలో కలిసినది. ఆ శతాబ్దిలోనే ష్పిట్స్‌వెగ్ వంటి చిత్రకారుల రాకతో దాని అందము లోకమునకు తెలిసినది.

రెండవ ప్రపంచయుద్ధము

1945 మార్చి 31న జరిగిన బాంబుదాడిలో పలువురు మరణించారు. 306 ఇండ్లు, కోటగోడలో కొంత భాగము నాశనమైనవి. అమెరికా సహాయ యుద్ధమంత్రి జాన్ మెక్‌లాయ్ ఈ పట్టణపు ప్రాశస్త్యమును ఎరిగినవాడగుటచే, ఫిరంగులు ప్రయోగించవద్దని సేనానిని కోరాడు. తుదివరకు పోరాడవలెనన్న హిట్లరు ఆజ్ఞను స్థానిక జర్మను సేనాధికారి త్రోసిపుచ్చుటతో, ఏప్రిల్ 17న పట్టణము పోరు లేకయే అమెరికా సేనల వశమైనది.

యుద్ధానంతరము పలు దేశముల దాతల విరాళములతో గోడను పునర్నిర్మించారు. వారి పేర్లు గోడరాళ్ళపై చెక్కబడియున్నవి. అందు జపాను వారి పేర్లును కలవు. కావున నేడు సందర్శకులు చూచు తూర్పు భాగములో చాలావరకు పాత పద్ధతిలో 1945 తరువాత తిరిగి కట్టినదే. పడమటి భాగము మాత్రము ప్రాచీనమైనది.