చలాకీ: మెచ్చుకోలా, తిట్టా?

హిందీ సీరియల్‌ను తెలుగులోకి డబ్ చేసేటప్పుడు ‘చాలాక్’ అన్నచోట ‘చలాకీ’ అని పెట్టేస్తే కథే తిరగబడుతుంది. అత్తగారు కోడల్ని జిత్తులమారి అని దెప్పుతుంటే, మనకు మెచ్చుకుంటున్నట్టు వినిపిస్తుంది. హిందీ, ఉర్దూ వాడుకలో చాలాక్ అంటే ఎక్కువగా గడుసు మనిషి, ఎత్తులు వేసేవాడు. తెలుగు చలాకీకి ఆ మచ్చ లేదు. గెంతుతూ నడిచే పిల్ల చలాకీ, ఎనభైల్లోనూ చకచకా మెట్లెక్కే తాతయ్య చలాకీ. మాట పుట్టిల్లు పారసీకం. అక్కడ చాలాక్ అంటే ఒంట్లో వేగం, చురుకు ఉన్నవాడు. ఆ పాత అర్థం హిందీలో కంటే తెలుగులోనే బాగా నిలిచింది. పారసీకం కచేరీ భాషగా ఉన్న కాలంలో దస్తావేజు, దరఖాస్తు లాంటివి వచ్చిన దారినే ఇదీ వచ్చింది. వస్తూ వస్తూ మొదటి దీర్ఘాన్ని జారవిడుచుకుంది. చివరి ‘ఈ’ పారసీకంలో గుణానికి పేరు పెట్టే ప్రత్యయం, కాబట్టి చాలాకీ అంటేనే చురుకుదనం. మనం దాన్ని విశేషణంగా వాడి, పైన ఇంకో ‘తనం’ తగిలించి ‘చలాకీతనం’ చేసుకున్నాం.

హుషారుదీ ఇలాంటి ప్రయాణమే: ‘హోష్‌యార్’ అక్కడ తెలివిగా, మెలకువగా ఉన్నవాడు, ఇక్కడ ఉత్సాహం. అచ్చతెలుగు చురుకు మనిషికే కాదు, చురుక్కుమనే ఎండకూ చెల్లుతుంది. లాఘవం సంస్కృత ‘లఘు’ నుంచి వచ్చిన తేలికదనం. చాకచక్యం మాత్రం సంస్కృతంలో మెరుపు. ముత్యపుచిప్పను వెండి అని భ్రమింపజేసే తళుకును వేదాంతులు చెప్పింది ఈ మాటతోనే.