రిపబ్లిక్ పాలిటెక్నిక్

రిపబ్లిక్ పాలిటెక్నిక్ సింగపూరు దేశంలోని ఐదు ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాలలలో ఒకటి. ఇది 2002 లో స్థాపించబడినది. ఐదింటిలో ఇదే చిన్నది, వయసులో. సింగపూరుకు ఉత్తరాన, మలేషియా సరిహద్దుకు సమీపంలో ఉన్న ఉడ్‌ల్యాండ్స్ పట్టణంలో దీని ప్రాంగణం ఉన్నది. పాఠ్యక్రమం మొత్తాన్నీ సమస్యాధారిత అభ్యసనం అనే పద్ధతిపై నిర్మించుకొని ప్రారంభమైన విద్యాసంస్థగా ఇది విద్యావేత్తలకు సుపరిచితము. ఇక్కడ అమలు చేసిన పద్ధతికి "రోజుకొక సమస్య" అని పేరు.

చరిత్ర

సింగపూరులో మొదటి పాలిటెక్నిక్ అయిన సింగపూర్ పాలిటెక్నిక్ 1954 లోను, న్గీ ఆన్ 1963 లోను, టెమాసెక్ 1990 లోను, నాన్యాంగ్ 1992 లోను ఏర్పడ్డాయి. పది సంవత్సరాల తరువాత ఐదవదిగా రిపబ్లిక్ పాలిటెక్నిక్ ఏర్పడింది. మొదటి విద్యార్థులు 2003 లో చేరారు. తొలి సంవత్సరాలలో తరగతులు టాంగ్లిన్ ప్రాంతంలోని తాత్కాలిక ప్రాంగణంలో జరిగినవి. 2006 లో కళాశాల ఉడ్‌ల్యాండ్స్‌కు తరలింది.

ఇక్కడి డిప్లొమా కోర్సులు సాధారణంగా మూడు సంవత్సరాలవి. సెకండరీ పాఠశాల చివరి పరీక్ష తరువాత విద్యార్థులు వీటిలో చేరుతారు. ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణలలో పదవ తరగతి తరువాత పాలిసెట్ వ్రాసి చేరే డిప్లొమా కోర్సులతో వీటిని పోల్చవచ్చు. అయితే ఇక్కడ ఇంజనీరింగుతో పాటు అనువర్తిత విజ్ఞానం, సమాచార సాంకేతికత, క్రీడలు, ఆతిథ్య రంగం, కళలకు సంబంధించిన సాంకేతికత వంటి శాఖలు కూడా ఉన్నాయి.

ప్రాంగణం

ఉడ్‌ల్యాండ్స్ ప్రాంగణ విస్తీర్ణం సుమారు 20 హెక్టార్లు. దీనిని జపాను వాస్తుశిల్పి ఫుమిహికో మాకి (1928-2024) రూపొందించాడు. ఆయన 1993 లో ప్రిట్జ్‌కర్ పురస్కారం పొందినవాడు. ఒకే పోలికలో ఉండే 11 బోధనా భవనాలను అండాకారపు విశాల వేదిక ఒకటి కలుపుతుంది. గ్రంథాలయం వంటి ఉమ్మడి సదుపాయాలు ఈ వేదిక స్థాయిలోనే ఉన్నాయి. పెద్ద ఉపన్యాస మందిరాల కంటే చిన్న తరగతి గదులకు ప్రాధాన్యం ఇవ్వడం ఇక్కడి బోధనా పద్ధతికి అనుగుణమైనదే.

సమస్యాధారిత అభ్యసనం

ఈ పద్ధతి పాలిటెక్నిక్కులలో పుట్టినది కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయపు వైద్య కళాశాల 1969 లో తన మొదటి విద్యార్థులతో దీనిని ప్రారంభించింది. శరీర నిర్మాణము, రసాయన శాస్త్రము మొదలగు వాటిని ముందు వేరు వేరుగా చదివి, ఆ తరువాత రోగిని చూసే పాత క్రమాన్ని ఇది తలక్రిందులు చేసినది. రోగి సమస్య ముందు వస్తుంది; దానిని అర్థం చేసుకోవడానికి కావలసిన శాస్త్రాన్ని విద్యార్థి వెదుక్కుంటాడు. 1974 లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో వైద్య విద్య ఈ పద్ధతిలోనే మొదలయింది. అదే సంవత్సరం డెన్మార్క్‌లో ప్రారంభమైన ఆల్బోర్గ్ విశ్వవిద్యాలయం ఇంజనీరింగు మొదలగు కోర్సులను సమస్యలు, ప్రాజెక్టుల చుట్టూ నిర్మించింది.

రోజుకొక సమస్య

వైద్య కళాశాలలలో ఒక సమస్యపై చర్చ సాధారణంగా కొన్ని రోజుల పాటు సాగుతుంది. రిపబ్లిక్ పాలిటెక్నిక్ దానిని ఒకే దినానికి కుదించినది. విద్యార్థి ఒక రోజంతా ఒకే సబ్జెక్టుకు కేటాయిస్తాడు. తరగతిలో సుమారు 25 మంది, అయిదేసి మంది చొప్పున అయిదు జట్లుగా కూర్చుంటారు. వారితో ఒక ఫెసిలిటేటర్ ఉంటాడు. రోజు ఈ క్రమంలో నడుస్తుంది:

1. ఉదయం మొదటి సమావేశంలో సమస్యను చదివి, ప్రతి జట్టు మూడు జాబితాలు తయారు చేస్తుంది: మనకు తెలిసినది, తెలియనిది, తెలుసుకోవలసినది.
2. తరువాత జట్లు స్వయంగా చదువుకుంటాయి. ఇందుకు ప్రతి విద్యార్థికి ల్యాప్‌టాప్ అవసరం.
3. రెండవ సమావేశంలో ఫెసిలిటేటర్ జట్ల పురోగతిని చూసి, ప్రశ్నలు వేసి, దారి తప్పిన చోట సరిచేస్తాడు.
4. మూడవ సమావేశంలో ప్రతి జట్టు తన పరిష్కారాన్ని తరగతి ముందు వివరిస్తుంది. తక్కిన వారు ప్రశ్నిస్తారు.
5. చివరకు విద్యార్థి ఆ రోజు నేర్చుకున్న దానిపై తన దినచర్య పుస్తకంలో వ్రాస్తాడు. ఆ రోజు పనికి ఆ రోజే గ్రేడు ఇవ్వబడుతుంది.

ఒక ఊహాజనిత ఉదాహరణ తీసుకుందాము. ఒక బేకరీలో రొట్టెలు రెండు రోజులకే బూజు పడుతున్నాయి, బిస్కట్లు మాత్రం నెలల తరబడి నిలువ ఉంటున్నాయి. రెండింటిలోను ఉన్నది గోధుమ పిండే. బూజుకు తేమ కావాలని విద్యార్థులకు తెలుసు. ఎంత తేమ, ఏ రూపంలో అన్నది తెలియదు. ఆ వెదుకులాటలో వారికి నీటి క్రియాశీలత అనే భావన ఎదురవుతుంది. మామూలు పద్ధతిలో అయితే ఆ నిర్వచనం నల్లబల్ల మీద ముందు వచ్చేది, బేకరీ చివరి అభ్యాసంలో వచ్చేది.

ఈ పద్ధతి గురించి గ్లెన్ ఓగ్రాడీ, ఎలైన్ యూ, కరెన్ గోహ్, హెంక్ ష్మిట్ సంపాదకత్వంలో 2012 లో ఒక గ్రంథం వెలువడినది.

విమర్శలు, పరిశోధనలు

పునాది లేని విద్యార్థికి సమస్య ఇస్తే అతడు ఏమి నేర్చుకుంటాడు అన్నది ఈ పద్ధతిపై ప్రధాన ఆక్షేపణ. 2003 లో ఫిలిప్ డోషీ బృందం 43 పరిశోధనలను కలిపి పరిశీలించి, జ్ఞానాన్ని వినియోగించే నైపుణ్యంలో ఈ పద్ధతి విద్యార్థులు మెరుగని, కాని విషయ పరిజ్ఞానంలో కొద్దిగా వెనుకబడి ఉండవచ్చని తెలిపినది. 2006 లో కిర్ష్నర్, స్వెల్లర్, క్లార్క్ మరింత తీవ్రంగా విమర్శించారు. కొత్తగా నేర్చుకునే వానికి పని చేసే జ్ఞాపకశక్తి పరిమితమని, తక్కువ మార్గదర్శకత్వంతో కూడిన బోధన దానిపై అధిక భారం మోపుతుందని వారి వాదన. సమస్యాధారిత అభ్యసనంలో మార్గదర్శకత్వం లేకపోలేదని, అది వేరే రూపంలో ఉన్నదని 2007 లో మెలో-సిల్వర్ తదితరులు, ష్మిట్ తదితరులు వేరు వేరుగా సమాధానమిచ్చారు.

ఆ మార్గదర్శకత్వం ఏ రూపంలో ఉండాలి అన్న ప్రశ్నపై సింగపూరులోనే పరిశోధన జరిగినది. సమస్యతో పాటు ఇచ్చే వర్క్‌షీట్లు ఎంత సహాయపడుతున్నాయో సెరీన్ చూ తదితరులు 2011 లో పరిశీలించారు. వర్క్‌షీటు ఇచ్చిన వారికి, ఇవ్వని వారికి మధ్య గణాంకపరంగా చెప్పుకోదగిన తేడా కనబడలేదు. తమ అభ్యసనానికి వర్క్‌షీటు కంటే ఫెసిలిటేటర్, జట్టు ఎక్కువగా తోడ్పడినట్లు విద్యార్థులు భావించారు. అనగా ఉపన్యాసం తగ్గినంత మాత్రాన ఉపాధ్యాయుని పాత్ర తగ్గలేదు. తగిన సమస్యను తయారు చేయడము, ఎప్పుడు చెప్పాలో ఎప్పుడు ఆగాలో తెలిసి ఉండడము ఈ పద్ధతిలో ఉపాధ్యాయునికి అత్యవసరము.

అన్ని విషయాలకు ఒకే రోజువారీ క్రమం సరిపోదన్న గ్రహింపుతో కళాశాల కాలక్రమంలో ఉపన్యాసాలు, సెమినార్లు, ప్రాజెక్టులను కూడా చేర్చుకున్నది. సమస్యాధారిత అభ్యసనం మాత్రం దాని గుర్తింపుగా కొనసాగుతున్నది.

ఇవి కూడా చూడండి

సింగపూరు
పాలిటెక్నిక్
సాంకేతిక విద్య
ఫుమిహికో మాకి