మూడు రోజుల సెలవు, ఒక మాజీ రాజధాని

2026లో గణతంత్ర దినోత్సవం సోమవారం వస్తోంది. ముందున్న శని, ఆదివారాలను కలుపుకుంటే మూడు రోజుల సెలవు. సూరత్ శివార్లలోని వడోద్‌లో, మా మేనమామ ఇంట్లో కూర్చుని ఈ మూడు రోజులకు భుజ్ ప్రయాణం ఖాయం చేసుకున్నాను. శుక్రవారం రాత్రి సూరత్‌లో రైలెక్కితే శనివారం ఉదయానికి భుజ్.

మామయ్య కరీంనగర్ జిల్లా నుంచి మగ్గం పని వెతుక్కుంటూ సూరత్ చేరిన పద్మశాలి. "గంత దూరం వోయి ఊళ్లె ఏం జూస్తవ్ అల్లుడా? తెల్ల ఎడారి జూడాలె గని" అన్నాడు. చాలామంది పర్యాటకుల మాటా అదే. రణ్ ఉత్సవానికి వెళ్లేవారికి భుజ్ బండి మారే చోటు మాత్రమే. నా లెక్క వేరు. రాజధాని గురించి దశాబ్దానికి పైగా వాదించుకుంటున్న తెలుగువారికి, ఆ హోదా పోయిన ఊరు ఎలా నిలబడిందో చెప్పగల నగరం భుజ్.

1549లో రావ్ ఖెంగార్జీ భుజ్‌ను కచ్ రాజధానిగా చేశాడు. 1948లో కచ్ కేంద్రం పాలనలోకి వచ్చింది. 1950లో రాజ్యాంగం దానిని 'సి' తరగతి రాష్ట్రంగా గుర్తించింది. చీఫ్ కమిషనర్ ఉండేవాడు, శాసనసభ ఉండేది కాదు. 1956 నవంబరు 1న కచ్ బొంబాయి రాష్ట్రంలో కలిసిపోయింది. ఆ తేదీ మనకు బాగా తెలిసినదే. అదే రోజు ఆంధ్రప్రదేశ్ అవతరించింది, కర్నూలు రాజధాని హోదా కోల్పోయింది. కర్నూలు ఆ హోదాను అనుభవించినది మూడేళ్లు, భుజ్ నాలుగు వందల ఏళ్లు. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ రెంటినీ ఒకేనాడు జిల్లా కేంద్రాలుగా మిగిల్చింది.

అధికారం తరలిపోయాక మిగిలినదేమిటో చూడటానికే మొదటి రోజు. 18వ శతాబ్ది మధ్యలో రావ్ లఖ్‌పత్‌జీ కట్టించిన ఐనా మహల్ అద్దాల మేడ. దాని రూపకర్త రామ్‌సింగ్ మాలమ్ నావికుడు. హాలండ్ చేరి అక్కడ గాజు, పింగాణీ, గడియారాల పని నేర్చుకుని వచ్చాడని ప్రసిద్ధి. అదే రాజు వ్రజభాషలో కవిత్వం నేర్పే పాఠశాలను నెలకొల్పాడు. ప్రజలు కచ్చీ మాట్లాడే ఎడారి అంచున, కవులను తయారుచేసే ఆ బడి స్వాతంత్ర్యకాలం దాకా నడిచింది. పక్కనే 19వ శతాబ్దపు ప్రాగ్ మహల్, కొద్ది దూరంలో 1877లో పుట్టిన కచ్ మ్యూజియం. సాయంత్రం హమీర్‌సర్ చెరువు. వానలకు ఆ చెరువు నిండి అలుగు పారితే ఊరికి సెలవు ప్రకటించడం ఆనవాయితీ. నీటి విలువ తెలిసిన ఊరి పండుగ అది.

రెండో రోజు అజ్రఖ్‌పూర్. ఇది 2001 భూకంపం తరువాత పుట్టిన ఊరు. ధమడ్కాలో తరతరాలుగా అజ్రఖ్ అద్దకం చేస్తున్న ఖత్రీల ఇళ్లు కూలాయి. భూగర్భ జలంలో ఇనుము పెరిగి రంగులు చెడిపోసాగాయి. అప్పుడు వారిలో కొందరు భుజ్ సమీపంలో కొత్త ఊరు కట్టుకున్నారు. నీలి, మంజిష్ఠ రంగులు, చెక్క అచ్చులు, పదే పదే ఉతుకులు: పెడన కలంకారీ చూసినవారికి ఈ పని పరాయిదనిపించదు. వడోద్‌కు దగ్గరలోని పాండేసరా మిల్లులు ఒక్క పూటలో అచ్చువేసేంత గుడ్డకు ఇక్కడ వారాలు పడుతుంది.

మూడో రోజు జనవరి 26. ఇరవై అయిదేళ్ల కిందట ఇదే తేదీన, ఉదయం 8.46కు, భూమి కంపించింది. మృతులు 13 వేలకు పైగా. అంజార్‌లో జెండా పండుగ ఊరేగింపులో నడుస్తున్న బడిపిల్లలు ఇరుకు వీధిలో శిథిలాల కింద పడిపోయారు. సహాయ చర్యలపై విమర్శలు కేశూభాయ్ పటేల్ ప్రభుత్వాన్ని బలహీనపరిచాయి. ఆ అక్టోబరులో నరేంద్ర మోదీ ముఖ్యమంత్రి అయ్యారు. 2022 ఆగస్టులో, ప్రధానిగా, భుజియో కొండపై 'స్మృతివన్' స్మారకాన్ని ప్రారంభించినదీ ఆయనే. మృతుల పేర్లు చెక్కిన ఆ కొండపై ఆ ఉదయం గడపాలనుకుంటున్నాను. సెలవు రోజు కనుక మ్యూజియం తెరుస్తారో లేదో ముందే కనుక్కోవాలి.

నిలిచినవన్నీ ప్రజల చలవే అనడం తేలిక, కానీ నిజం కాదు. అద్దాల మేడకూ, కవుల బడికీ రాజు ధనం కావలసివచ్చింది. భూకంపం తరువాత ఊరు లేవడానికి ప్రభుత్వ ధనం కావలసివచ్చింది. అయితే రాజధాని తరలినప్పుడు ఖత్రీల చేతిపని దానితో పోలేదు. నీరు చెడినప్పుడు వారే కొత్త నీటిని వెతుక్కున్నారు. రాజధాని ఎక్కడ అన్న మన వాదనలో భవనాల లెక్కలు, భూముల లెక్కలు విన్నాం. ఆ హోదా రేపు పోతే ఆ ఊరివాళ్ల చేతుల్లో ఏం మిగులుతుందన్న ప్రశ్న మాత్రం ఇంకా ఎవరూ గట్టిగా అడగలేదు.

నీరు చెడి ఊరు మారిన అద్దకపువాళ్ల కథ విని మామయ్య కాసేపు మాట్లాడలేదు. తరువాత, "నాకు గూడ టికెట్ తియ్యి" అన్నాడు.