నోరి నాచు జీవితచక్రం: ఆవిష్కరణ ఎవరిది, ఎంతవరకు?

సుషీని చుట్టే నల్లని పలుచని రేకు నోరి. పార్ఫైరా, దాని దగ్గరి ప్రజాతులకు చెందిన ఎర్ర నాచుతో దాన్ని తయారుచేస్తారు. ఈ నాచుకు వేరు, కాండం, ఆకు అనే విభజన లేదు. చిన్న పట్టుతో రాతిని అంటుకొని, ఒకటి రెండు కణాల మందాన పెరిగే పొర మాత్రమే కంటికి కనిపిస్తుంది. జపాన్‌లో శతాబ్దాలుగా సాగు చేస్తున్నా, వేసవిలో మాయమైన పొర చలికాలానికి ఎక్కడి నుంచి వస్తుందో రైతులకు తెలిసేది కాదు. సముద్రంలో కొమ్మలు పాతి, వలలు కట్టి, విత్తనం దానంతటది వచ్చి అంటుకోవాలని ఎదురుచూసేవారు.

ఈ చిక్కు విప్పిన ఘనత బ్రిటిష్ శాస్త్రవేత్త కాథ్లీన్ డ్రూ-బేకర్‌దని సాధారణంగా చెబుతారు. ఆ మాటను విడదీసి పరిశీలించాలి.

1. గుల్లలను తొలుచుకొని పెరిగే గులాబి రంగు తంతువుల నాచును 1892లో శాస్త్రవేత్త బ్యాటర్స్ కాంకోసెలిస్ పేరుతో వర్ణించాడు. పొరకూ తంతువుకూ పైకి ఏ పోలికా లేదు కనుక, దాన్ని వేరే ప్రజాతిగా భావించడం ఆనాటికి సహేతుకమే.

2. 1949లో ‘నేచర్’ పత్రికలో డ్రూ ప్రకటించిన ఫలితం ఆ విభజనను కదిలించింది. పార్ఫైరా అంబిలికాలిస్ పొర విడుదల చేసిన బీజాణువులు గుల్లలోకి చొచ్చుకుపోయి కాంకోసెలిస్‌గా పెరిగాయి. అంటే రెండు పేర్లు ఒకే జీవి రెండు దశలకు పెట్టినవి. అయితే ఆమె పరీక్షించినది బ్రిటన్ తీరపు జాతి. జపాన్ సాగు జాతులకూ ఇది వర్తిస్తుందా, తంతువు నుంచి తిరిగి పొర పుడుతుందా అన్నవి విడిగా తేలవలసిన ప్రశ్నలు.

3. వాటికి సమాధానం ప్రధానంగా జపాన్‌లోనే దొరికింది. శాస్త్రవేత్త సొకిచి సెగావా జపాన్ జాతితో ఆ ప్రయోగాన్ని తిరిగి చేశాడు. ఫుసావో ఓటా తదితరులు గుల్లల్లో తంతువులను పెంచి, వాటి బీజాణువులను వలలకు పట్టించే పద్ధతిని రూపొందించారు.

కాబట్టి నోరి సాగును ఆమె ఒక్కరే నిలబెట్టారనడం అతిశయోక్తి కావచ్చు. ఆమె ఫలితం లేకుండా ఆ పద్ధతి అంత త్వరగా వచ్చేదనడానికీ ఆధారం కనిపించదు. వివాహిత అన్న కారణంగా మాంచెస్టర్‌లో అధ్యాపక పదవిని కోల్పోయిన తరువాత కూడా ఆమె పరిశోధన వదలలేదన్నది ఈ అంచనాలో విస్మరించరాని విషయం. 1957లో ఆమె మరణించారు. 1963లో జపాన్‌లోని కుమమోటో ప్రాంతపు ఉటోలో ఆమెకు స్మారకం నిలిపారు. ఏటా ఏప్రిల్ 14న అక్కడ నివాళి జరుగుతుంది.

పాత వ్యాసాలు చదివేవారికి మరో జాగ్రత్త అవసరం. 2011 వర్గీకరణ సవరణలో ముఖ్యమైన సాగు జాతులు పార్ఫైరా నుంచి పైరోపియా ప్రజాతికి మారాయి. అందువల్ల పేరు వేరైనంత మాత్రాన నాచు వేరని అనుకోరాదు.