పగ నేర్పిన రేడియో, పొత్తు నేర్పిన నాటకము

నోరు మంచిదైన ఊరు మంచిదగునని పెద్దలు చెప్పుదురు. యాకోబు వ్రాసిన పత్రికలో నాలుక నిప్పుతో పోల్చబడినది. ఒక మనుష్యుని నాలుక ఒక లైనులో మాత్రమే కలహము రేపగలదు. రేడియో నాలుకయో దేశమంతటికిని ప్రాకును. ఈ సంగతిని ఆఫ్రికా ఖండమందలి రువాండా దేశము మిక్కిలి దుఃఖముతో నేర్చుకొనెను. అది కొండల దేశము. అచ్చటి వాలులయందును తేయాకు తోటలు కలవు. హుటూలు, టుట్సీలు అను రెండు తెగలవారు ఒకే భాష మాటలాడుచు, ఒకే దేవాలయములలో ప్రార్థించుచు, ఇరుగు పొరుగు ఇండ్లలో కాపురముండిరి.

1993 జూలైలో అచ్చట ఆర్.టి.ఎల్.ఎం. అను రేడియో కేంద్రము ప్రారంభమాయెను. అది పాటలతోను హాస్యపు మాటలతోను జనులను చేరదీసి, వారు చెవియొగ్గిన పిమ్మట టుట్సీలను బొద్దింకలని పిలువసాగెను. 1994 ఏప్రిలులో సంహారము మొదలుకాగా, చంపవలసినవారి పేర్లను సహితము చదివి వినిపించెను. సుమారు నూరు దినములలో ఎనిమిది లక్షలమంది హతులైరని ఐక్యరాజ్యసమితి అంచనా. ఆశ్రయము కోరి దేవాలయములలో చేరినవారును అచ్చటనే చంపబడిరి. 2003 డిసెంబరులో రువాండా కొరకు ఏర్పడిన అంతర్జాతీయ నేర న్యాయస్థానము ఆ కేంద్రమును స్థాపించినవారిలో ఇద్దరిని దోషులని తీర్మానించెను.

విషము ప్రవేశించిన త్రోవనే మందును పంపవలెనని కొందరు తలంచిరి. రేడియో నాటకముచేత బోధించుట అప్పటికి క్రొత్త కాదు. ఇంగ్లండులో 1951 మొదలుకొని బి.బి.సి. వారు 'ది ఆర్చర్స్' అను నాటకముద్వారా సేద్యపు సంగతులను కథగా వినిపించిరి. రువాండాలో 2004వ సంవత్సరమున 'ముసెకెవెయా', అనగా క్రొత్త వేకువ, అను నాటకము ఆరంభమాయెను. అందు బుమంజి, ముహుమురో అను రెండు గ్రామములు కలవు. మంచి భూమి కొరకు వాటి మధ్య వైరము పుట్టును. నాయకుడొకడు ఆ వైరమును రగిలించును. అటువారి యువతి బటాములిజా, ఇటువారి యువకుడు షెమా ఒకరినొకరు ప్రేమించి, తోటి యువజనులతో కూడి శాంతికొరకు పాటుపడుదురు. హుటూ, టుట్సీ అను పేర్లు అందు వినబడవు. అయినను కథ ఎవరిదో విన్నవారందరికిని తెలియును.

ఈ నాటకము ఫలించెనా? ఎలిజబెత్ లెవీ పాలక్ అను పండితురాలు దీనిని పరీక్షించెను. కొన్ని సమూహములకు ఈ నాటకమును, మరికొన్నిటికి ఆరోగ్యమును గూర్చిన వేరొక నాటకమును ఒక సంవత్సరము వినిపించిరి. 2009లో ప్రకటింపబడిన ఫలితము ఆలోచింపదగినది. జనుల అంతరంగమందలి నమ్మకములు అంతగా మారలేదు. అయితే పొరుగువారితో ఎట్లు మెలగుట తగునో అను తలంపు మారెను. వారు భిన్నాభిప్రాయమును బహిరంగముగా చెప్ప నేర్చిరి. కడపట ప్రతి సమూహమునకు ఒక టేపు రికార్డరును, కథల టేపులును బహుమానముగా ఇయ్యబడెను. ఆరోగ్యపు నాటకము విన్నవారు వాటిని గ్రామాధికారికి అప్పగించిరి. ముసెకెవెయా విన్నవారు తామే కూడి మాటలాడుకొని, ఉమ్మడిగా కాపాడుకొనుటకు నిశ్చయించుకొనిరి.

ఈ పాఠము రువాండాకు మాత్రమే చెందినది కాదు. లండనుకు పడమరనున్న స్లౌ పట్టణమున 1920లో పారిశ్రామికవాడ ఏర్పడగా, తరువాతి కాలమున వేల్సునుండియు, రెండవ ప్రపంచయుద్ధము పిమ్మట పోలండు, పంజాబు, పాకిస్థానులనుండియు జనులు కూలికై వచ్చి ఇరుగు పొరుగువారైరి. తోటలలోని లైనులును అట్టివే: పలు ఊళ్లవారు, పలు కులములవారు, పలు భాషలవారు ఒకే కుళాయియొద్ద నీళ్లు పట్టుకొందురు. హృదయమును మార్చుట దేవుని పని. అది ఆలస్యము కావచ్చును. అంతవరకు పొరుగువానిని జంతువు పేరిట పిలువకుండుటయు, అట్లు పిలిచినవానిని నలుగురిలో వలదని వారించుటయు మనుష్యులు నేడే చేయగల పని. రువాండా కొండలలో ఆ నాటకము విన్న బీదలు దానిని చేసి చూపిరి.